తేదీ తీసుకునే ముందు సరిచూసుకో

చిన్నా,

"నేను రాస్తున్న ఫారంలో తప్పు తేదీ ఇస్తే జావాస్క్రిప్టే ఎర్రర్ చూపిస్తుంది కదా పిన్నీ" అని నిన్న ఫోన్‌లో అన్నావు, అప్పటినుంచీ నాకు అదే ఆలోచన. ఆ ప్రోగ్రామింగ్ భాష అలా చూపించదు నాన్నా. బ్రౌజర్‌లో కన్సోల్ (కోడ్ కొట్టి అక్కడికక్కడే ఫలితం చూసుకునే చోటు) తెరిచి new Date(2023, 1, 31) అని కొట్టి చూడు. అక్కడ నెలలు సున్నా నుంచి లెక్క కాబట్టి 1 అంటే ఫిబ్రవరి. లేని ఫిబ్రవరి 31 అడిగినా కిమ్మనకుండా మార్చి 3 చేతిలో పెడుతుంది, ఎందుకంటే 28 దాటిన మూడు రోజుల్నీ పక్క నెలలోకి జరిపేస్తుంది.

నా మొదటి ఉద్యోగంలో ఇలాగే ఒకావిడ పుట్టినరోజు జూన్ 31 అని ఎక్కించారు. ఎవరో 30 కొట్టబోయి 31 కొట్టారు, అది జూలై 1 అయి కూర్చుంది. జూన్ 31 అనే ఉండి ఉంటే చూడగానే తెలిసేది, జూలై 1ని ఎవరు అనుమానిస్తారు? గుర్తింపు కార్డుతో తేదీ కలవక పాపం ఆవిడ మా ఆఫీసు చుట్టూ తిరిగింది, ఆ కోడ్ రాసింది నేనే.

అందుకే తేదీ తయారయ్యాక దానిలోంచి సంవత్సరం, నెల, రోజు మళ్లీ బయటికి తీసి యూజర్ ఇచ్చినవాటితో పోల్చు, ఒక్కటి తేడా వచ్చినా వెనక్కి పంపెయ్. పీహెచ్‌పీ అనే ఇంకో భాషలో అలాంటి తేదీ ఉందో లేదో చూసి చెప్పే చెక్‌డేట్ (checkdate) ఉంది, కానీ దానికి ముందు నెల, తర్వాత రోజు ఇవ్వాలి; మనవాళ్లు అలవాటుగా రోజు ముందు ఇచ్చేస్తారు, 12వ తేదీ దాకా అంతా బాగానే ఉన్నట్టుంటుంది, 13 రాగానే బయటపడుతుంది. పైథాన్ భాష మాత్రం లేని తేదీ ఇస్తే వాల్యూఎర్రర్ అనే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది, ఆ ఎర్రర్‌ని పట్టుకుని ఈరోజు తేదీ పెట్టేసే పని మాత్రం చెయ్యకు.

ఇంకోటి, భాష ఒప్పుకున్నంత మాత్రాన అది నీ ఫారానికి సరైనదని కాదు. పైథాన్ 1 నుంచి 9999 దాకా ఏ సంవత్సరమైనా తీసుకుంటుంది, పుట్టిన సంవత్సరం 9998 అంటే నువ్వు తీసుకుంటావా? ఆ హద్దులు నువ్వే పెట్టాలి. జావాస్క్రిప్ట్‌లో సంవత్సరం 24 అని ఇస్తే 1924 అనుకుంటుంది, అందుకని నాలుగంకెలూ అడుగు.

లీపు సంవత్సరం లెక్క నువ్వు రాయకు, 2000 లీపు, 1900 కాదు, అక్కడే చాలామంది బోల్తా పడతారు. 2024 ఫిబ్రవరి 29, 2023 ఫిబ్రవరి 29, 1900 ఫిబ్రవరి 29, జూన్ 31, సున్నా నెల, 13వ నెల: ఈ ఆరూ ఇచ్చి చూడు, మొదటిది ఒక్కటే లోపలికి వెళ్లాలి. రాత్రికి ఏం వచ్చిందో మెసేజ్ పెట్టు, పదకొండు దాకా మేలుకునే ఉంటాను.

పిన్ని