బ్యాగులో ఆ ట్యూబు తీసెయ్యి తల్లీ

బుజ్జమ్మా,

విశాఖలోని వాలీబాల్ హాస్టల్‌కి నువ్వు సెలెక్ట్ అయ్యావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నిద్రపోతున్న మామయ్యను లేపి మరీ చెప్పాను. మన ఇంట్లో ఆట కోసం ఊరు దాటి వెళ్తున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ ఫోన్ తీసుకుని, నీ బ్యాగులో బట్టల మధ్య తెల్లబడే క్రీం ట్యూబు కనబడిందని చెప్పింది. ఇక నాకు కునుకు పడితే ఒట్టు. ఫోన్‌లో చెబితే ఊ కొట్టి వదిలేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు చిన్న సంగతులు. పొద్దున, రాత్రి, ప్రాక్టీసు అయ్యాక ముఖం కడుక్కో, అంతకు మించి వద్దు. ఘాటు సబ్బు కాకుండా మామూలు ఫేస్‌వాష్ వాడు. తువ్వాలుతో అద్దుకో, రుద్దకు. వేళకు నిద్రపో. ఇవన్నీ నీకు తెలిసినవే.

విశాఖ చెమట మాత్రం నీకు కొత్త. మన రెంటచింతల ఎండ నిప్పులు చెరిగినా, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. అక్కడి సముద్రపు గాలికి చెమట ఆరదు, ఉతికిన బట్టా తొందరగా ఆరదు. తడి టీషర్టుతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నావో, తామర అంటుకోవడానికి అదే అదను. ఆట అవగానే స్నానం, పొడి బట్టలు. కాలివేళ్ల సందులు తుడుచుకున్నాకే సాక్సులు. మోకాలి ప్యాడ్లు ఎండలో ఆరెయ్యి, బ్యాగులో కుక్కకు. తువ్వాలు ఎంత ప్రాణస్నేహితురాలికైనా ఇవ్వకు. అంచు ఎర్రగా, గుండ్రంగా దురద మచ్చ కనబడితే సిగ్గుపడి దాచుకోకు, మెడికల్ షాపుకూ పరుగెత్తకు. అక్కడ ఇచ్చే కలగాపులగం క్రీములతో దురద రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, తామర లోలోపల పాకుతుంది. డాక్టరు ఎన్నాళ్లు రాయమంటే అన్నాళ్లూ రాయాలి, మచ్చ పోయింది కదా అని మధ్యలో మానకూడదు.

సన్‌స్క్రీన్ కొనమని మీ నాన్నకు చెప్పాను. ఎస్‌పీఎఫ్ 30 గానీ 50 గానీ ఉండాలి, చెమటకు తట్టుకునేది కావాలి. కోర్టులోకి దిగడానికి 15 నిమిషాల ముందు రాసుకో. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి, చుక్క పెట్టి సరిపెట్టకు. 2 గంటలకోసారి మళ్లీ రాయాలి. చెవులు, మెడ వెనక మర్చిపోతావు, నాకు తెలుసు.

నీ నుదుటి మీద మొటిమలకు సగం కారణం నానమ్మ పెట్టే కొబ్బరినూనె. చెమటతో కలిసి కిందికి జారుతుంది, పైన హెయిర్‌బ్యాండ్ దాన్ని అదిమి పెడుతుంది. నూనె రాత్రి పెట్టుకుని పొద్దున తలంటుకో, రెండు రోజులకోసారి ఆ బ్యాండ్ ఉతుకు. నానమ్మతో నువ్వు వాదించకు, నేను మాట్లాడతాను. మొటిమ గిల్లితే మచ్చే మిగులుతుంది. నిమ్మరసం, టూత్‌పేస్ట్ అస్సలు వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. మందు కావాలంటే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ చాలు, పల్చగా రాయాలి. దిండు గలీబుకు అంటితే రంగు పోతుంది, చూసుకో. గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్దాం.

ఇక ఆ ట్యూబు సంగతి. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

1991 వేసవి, నాకు 17 ఏళ్లు. రోజూ సాయంత్రం స్కూలు గ్రౌండులో ఆడేవాళ్లం. ఒక పెళ్లిలో వరసకు పిన్ని అయ్యే ఆవిడ నా గడ్డం పట్టుకుని, "పిల్ల ఇంత నల్లబడిపోయిందేమిటే, రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అంది పదిమందిలో. మర్నాడే నా డబ్బుల్లోంచి తీసుకుని మందుల షాపుకు వెళ్లాను. షాపాయన ఏమీ అడగకుండా చిన్న ట్యూబు చేతిలో పెట్టి, రాత్రిపూట రాసుకో, పది రోజుల్లో తేడా తెలుస్తుందన్నాడు. తెలిసింది. మొటిమలు పోయాయి, ముఖం నిగనిగలాడింది. అందరూ ఏం రాస్తున్నావని అడిగితే పసుపని అబద్ధం చెప్పాను.

ట్యూబు అయిపోయిన మూడో రోజు ముఖం ఎర్రగా కందిపోయింది. మళ్లీ కొన్నాను, తగ్గింది. మానితే మంట, రాస్తే హాయి. అలా సంక్రాంతి నాటికి ఆరు ట్యూబులు అయ్యాయి. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి, పెదవి పైన నూగు వచ్చింది. పౌడరు డబ్బా మూతలోని చిన్న అద్దంలో ఒక్కో బుగ్గే చూసుకునేదాన్ని. ముఖమంతా ఒకేసారి చూసుకునే ధైర్యం లేక.

జిల్లా జట్టు సెలెక్షన్లు ఆ జనవరిలోనే గుంటూరులో పెట్టారు. ఎండెక్కేసరికి ముఖం భగ్గుమంది. చెమట చుక్క కణత మీదుగా జారుతుంటే కారం పూసినట్టు ఉంది. నా సర్వీసు వచ్చింది. బంతి చేతిలో ఉంది, కళ్లు తెరవలేకపోయాను. బంతి కింద పెట్టి బయటికొచ్చేశాను. మరుసటి ఏడాదికి జూనియర్ వయసు దాటిపోయింది.

తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ తిట్టలేదు. ట్యూబు తిప్పి, చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చదవమంది. బీటామెథాసోన్. స్టెరాయిడ్. ఎరుపునూ వాపునూ అణిచేసి రంగు తగ్గిస్తుంది, చర్మాన్ని కాగితంలా పల్చన చేస్తుంది. అలవాటు పడ్డ చర్మం, మందు ఆపగానే తిరగబడుతుంది. మంట పూర్తిగా తగ్గడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఆ మందు చెడ్డదని కాదు. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులే వాడాల్సింది అది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలని చెప్పింది. అయినా అడిగితే చేతిలో పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నిన్ను ఎవరేమన్నారు బుజ్జమ్మా? మొన్న గృహప్రవేశంలో ఎవరైనా అన్నారా? ఎండలో ఆడితే రంగు మారుతుంది. ఎండ నుంచి కాపాడుకోవడానికి చర్మం చేసుకునే ఏర్పాటు అది, జబ్బు కాదు. అన్నవాళ్ల పేరు చెప్పు, నేను మాట్లాడతాను. నువ్వు నెట్ దగ్గర ఎగిరినప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో నువ్వెప్పుడూ చూసుకోలేదు. నేను చూశాను.

ఆ ట్యూబు వెనకవైపు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. క్లోబెటసాల్, మొమెటసోన్, బీటామెథాసోన్, వీటిలో ఏ పేరున్నా ఇక రాయకు. ఇప్పటికే కొన్ని వారాలుగా రాస్తుంటే మాత్రం దాచకుండా చెప్పు. నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానేసి మంటతో ఒంటరిగా ఏడవొద్దు. ఆదివారం నేనే వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను, మీ నాన్నకు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.

ఎంత రాత్రయినా సరే పంపు. ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

నీ అత్త