ట్రాక్టర్ల క్యూ గురించి తెలుసుకోడానికి బెంగళూరు దాకా పోవాలా?

ప్రశ్న: సార్, మాది బంగారుపాళెం దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. మా పాప తిరుపతిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. అప్లైడ్ ప్రాబబిలిటీ మీద ఏటా జరిగే సదస్సు ఈసారి డిసెంబరులో బెంగళూరులో పెడుతున్నారంట, ఐదు రోజులు. పోతానని పట్టుబట్టింది. ఫీజు, బస, తిండి, రానుపోను అన్నీ కలిపి 8,000 రూపాయలు అవుతుందంట. అక్కడ ఉద్యోగాలేమన్నా ఇస్తారా అంటే ఇవ్వరంటోంది. మరెందుకమ్మా అంటే పరిశోధన అంటోంది. వాళ్లమ్మేమో సంబంధాలు చూద్దామంటోంది. పంపేదా, వద్దా? అసలు ఆ చదువుకు ముందు దారి ఉందా?
— ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: పంపండి. కానీ ఉన్నపళంగా కాదు. డిసెంబరుకు ఇంకా టైముంది, ఈలోపు పాప చేయాల్సిన పని కొంచెం ఉంది. అది చేయకుండా పోతే మీ 8,000కు ఒక గుడ్డసంచీ, ఒక పెన్ను, ఒక సర్టిఫికెట్ వస్తాయి. అనుభవంతోనే చెబుతున్నా. నేను ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు ఇలాంటి సదస్సుకే వెళ్లి మూడు రోజులూ చివరి వరసలో కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు. టీ టైములో కప్పు పట్టుకుని గోడమీది ఫొటోలు చూస్తూ నిలబడ్డాను. ఆ సంచీలో మా అమ్మ చాలాకాలం కూరగాయలు తెచ్చింది. అంతవరకే దాని ఉపయోగం.

ముందు ఆ చదువు దేని గురించో మీకు తెలియాలి. మామిడి రైతు కాబట్టి మీకు చెప్పడం నాకు సులువు.

సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరస మీకు కొత్త కాదు. 2025లో అది ఎంత పొడవు పోయిందో మీకే నాకన్నా బాగా తెలుసు. మీ ముందు 90 బండ్లున్నాయి, లోపల గంటకు 6 బండ్లు దించుతున్నారు అనుకోండి. మీ వంతు 15 గంటలకు వస్తుందని కాగితం లేకుండానే లెక్క కడతారు. వరస పొడవుకూ, వచ్చే వేగానికీ, ఎదురుచూసే టైముకూ మధ్య ఉన్న ఈ లంకెను జాన్ లిటిల్ అనే అమెరికన్ 1961లో గణితంగా రుజువు చేశాడు. పాప పుస్తకంలో అది ‘లిటిల్స్ లా’ పేరుతో ఉంటుంది, అడిగి చూడండి.

అసలు విషయం దాని తర్వాతిది. ఒకే కాటా, బండి దించడానికి సగటున 10 నిమిషాలు, రాత్రీ పగలూ పని. అంటే పది గంటల్లో 60 బండ్లు దించగలరు. బండ్లు వేళాపాళా లేకుండా వస్తాయి. దించే టైము కూడా అందరికీ ఒకటి కాదు. ఒకరికి నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఒకరి దగ్గర కాయ బాగాలేదని గొడవై అరగంట పడుతుంది. పది గంటలకు సగటున 48 బండ్లు వస్తే, గేటు దగ్గరికి చేరినప్పటి నుంచి దించుకుని బయటపడేదాకా సగటున 50 నిమిషాలు పడుతుంది. 54 వస్తే? ఆరు బండ్లే కదా పెరిగింది, ఇంకో అయిదు పది నిమిషాలు అనుకుంటాం. కాదు, 100 నిమిషాలు. 57 వస్తే 200 నిమిషాలు. 60 వస్తే ఇక లెక్కే లేదు, వరస పెరుగుతూనే పోతుంది. ఫ్యాక్టరీవాళ్లు 60 దించగలమని చెప్పడం అబద్ధమేమీ కాదు, అయినా మీ కాయ ఎండలో మగ్గిపోతుంది. ఎవరి తప్పూ లేకుండానే ఇలా ఎందుకు జరుగుతుంది, టోకెన్ ఇచ్చి బండ్లను టైము ప్రకారం పిలిస్తే ఎంత తగ్గుతుంది, రెండో కాటా పెడితే ఎంత తగ్గుతుంది — ఇవన్నీ చెప్పే చదువే పాప అంటున్న అప్లైడ్ ప్రాబబిలిటీ. తిరుమలలో సర్వదర్శనానికి టైం స్లాటు టోకెన్లు ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: జనం వచ్చే తీరును సర్దితే వరస దానంతటదే తగ్గుతుంది.

ఈ లెక్క పుట్టింది గుడిలోనూ కాదు, మండీలోనూ కాదు. కోపెన్‌హాగెన్‌లో టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ అనే ఇంజనీరు 1909లో, ఫోన్ కాల్స్ ఏ తీరున వస్తాయో లెక్క వేస్తూ మొదలుపెట్టాడు. ఇంటర్ రెండో ఏడు 2ఏ లెక్కల పుస్తకం చివర్లో పాయిజాన్ విభాజనం అని ఒకటుండేది, వేళాపాళా లేకుండా జరిగేవి ఎన్నిసార్లు జరగొచ్చో చెప్పే లెక్క. పరీక్షకు ఒక లెక్క బట్టీ పట్టి అందరం వదిలేసేవాళ్లమే, అదే అక్కడ అక్కరకొచ్చింది. ఇప్పుడు సర్వర్లు, ఆసుపత్రి పడకలు, ఇన్సూరెన్స్ క్లెయిములు, కాల్ సెంటర్లు అన్నీ ఈ గణితం కిందికే వస్తాయి. 1964లో దీనికంటూ ఒక పత్రిక పెట్టారు, ‘జర్నల్ ఆఫ్ అప్లైడ్ ప్రాబబిలిటీ’. ఇప్పటికీ వస్తోంది.

ఇక సదస్సులో ఏం జరుగుతుందంటే: పొద్దున పెద్ద ప్రొఫెసర్లు గంటసేపు మాట్లాడతారు. పాపకు మొదటి పది నిమిషాలు అర్థమైతే గొప్ప. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, పక్కన కూర్చున్న పీహెచ్‌డీ పిల్లలదీ చాలావరకు అదే పరిస్థితి. తర్వాత పరిశోధక విద్యార్థులు ఇరవై నిమిషాల చొప్పున చెప్తారు, పాపకు పనికొచ్చేవి ఎక్కువగా ఇవే. సాయంత్రం పోస్టర్లు. ఎవరి పని వాళ్లు పెద్ద షీటు మీద అచ్చువేసి గోడకు తగిలించి పక్కన నిలబడతారు, వచ్చినవాళ్లు అడుగుతారు. ఎమ్మెస్సీ పిల్లలకు తలుపు తెరుచుకునేది ఇక్కడే. పోస్టరు ముందు నిలబడ్డ పిల్లను ఎవరో ఒకరు ప్రశ్న అడగక మానరు. నాలాగా గోడమీది ఫొటోలు చూసే అవసరం ఉండదు.

మనుషులు కలవడం వల్ల ఏమొస్తుందని అడుగుతారేమో. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్.రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సైన్యంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ బస చేసిన చోట పరిచయమైన ఒకతని వల్ల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది. 1941 జనవరిలో అందులో చేరారు. 1945లో ఆయన రాసిన పేపరులోని ఫలితం ఇప్పుడు మీ పాప సిలబస్‌లో ఉంది, ఆయన పేరుతోనే. 2023లో స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. అందరికీ అలా జరుగుతుందని నేను చెప్పను. అయితే గది దాటకుండా కూర్చుంటే మాత్రం ఎవరికీ జరగదు.

పాప చేయాల్సినవి. బెంగళూరుకన్నా ముందు ఏర్పేడు వెళ్లమనండి. తిరుపతిలో శ్రీకాళహస్తి బస్సెక్కితే దారిలోనే వస్తుంది. 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ రెండూ ఆ పక్కనే ఉన్నాయి. ఐఐటీలో గణితం, స్టాటిస్టిక్స్ కలిపి ఒక డిపార్ట్‌మెంటే ఉంది. సెమినార్లు ఎప్పుడు, బయటి విద్యార్థిని వచ్చి వినొచ్చా అని అక్కడి ప్రొఫెసర్‌కు మర్యాదగా నాలుగు వాక్యాల మెయిల్ రాయాలి. ఒకటి రెండు సెమినార్లు కూర్చున్నాక కూడా ఇష్టం మిగిలుంటే బెంగళూరు పోవచ్చు. మిగలకపోతే బస్సు ఛార్జీతో సంగతి తేలిపోయినట్టే.

రెండోది, సదస్సు కార్యక్రమం బయటికి రాగానే అందులో ముగ్గురి పేర్లు ఎంచుకోవాలి. వాళ్ల పరిశోధన పేపర్లు చాలావరకు ఆర్కైవ్ (arXiv) అనే సైట్లో ఉచితంగా దొరుకుతాయి. మొత్తం చదవక్కర్లేదు, మొదటి రెండు పేజీలు చాలు. ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్న నోటుబుక్కులో రాసుకుని పోవాలి. పాప ఈ పని చేసిందో లేదో మీరు అడగొచ్చు, గణితం రానక్కర్లేదు.

మూడోది డబ్బు. విద్యార్థులకు ఫీజు తక్కువ ఉంటుంది. దూరంనుంచి వచ్చేవాళ్లకు బస ఇవ్వడం, ప్రయాణ ఖర్చు కొంత భరించడం చాలాచోట్ల మామూలే. అడగనివాళ్లకు ఇవ్వరు. డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గర ఒక ఉత్తరం తీసుకుని గడువులోపల దరఖాస్తు పెడితే 8,000 సగానికి దిగినా ఆశ్చర్యం లేదు. క్యాంపస్ లోపలి అమ్మాయిల హాస్టల్లోనే బస కావాలని అందులోనే రాయమనండి. మీ ఊరినుంచి పలమనేరు, కోలారు మీదుగా నేరు బస్సే కాబట్టి ప్రయాణం గురించి నేను చెప్పేదేమీ లేదు.

ఒక జాగ్రత్త. సదస్సు పేరుతో వ్యాపారం చేసేవాళ్లు కూడా ఉన్నారు. పేపరు పంపిన రెండో రోజే ‘మీది ఎంపికైంది, డబ్బు కట్టండి’ అని మెయిల్ వస్తుంది. గణితం, నర్సింగ్, మేనేజ్‌మెంటు అన్నీ ఒకే హోటల్ హాల్లో జరుగుతాయి. కొత్తగా లెక్చరరైన రోజుల్లో నేనూ ఒక దాంట్లో రెండు నెలల ఇంటద్దె పోగొట్టుకున్నాను. పాప చెబుతున్న సదస్సు నిర్వాహకుల పేర్లు వాళ్లు పనిచేసే సంస్థల వెబ్‌సైట్లలో ఉన్నాయా, పోయినేడాది కార్యక్రమం దొరుకుతుందా చూడమనండి. ఈ రెండూ ఉంటే చాలు.

దారి ఉందా అన్నారు. ఉంది, ఒకటి కాదు. పరిశోధనే అయితే సీఎస్‌ఐఆర్ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ పేపరు, గేట్‌లో స్టాటిస్టిక్స్ పేపరు, రావు గారు చేరిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) సొంత ప్రవేశ పరీక్ష. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్లయ్యాక 42,000. పైన ఇంటద్దె భత్యం. పీహెచ్‌డీ అంటే ఇంట్లోంచి డబ్బు పెట్టి చదివే చదువనే భయం వద్దు. కానీ అయిదేళ్లు పడుతుంది, మధ్యలో ఏడాది పాటు ఏమీ తేలని రోజులుంటాయి, అందుకే ముందు రుచి చూడమంటున్నాను. పరిశోధన వద్దనుకుంటే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది, పాప డిగ్రీకి సరిగ్గా సరిపోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీల్లో నష్టభయం లెక్కలు కట్టే ఆక్చువరీ పరీక్షలున్నాయి, వాటిలో ఒక పేపరులో ఈ గణితం చాలానే ఉంటుంది. కంపెనీల్లో డేటా ఉద్యోగాలకైతే ప్రోగ్రామింగ్ గట్టిగా రావాలి, సదస్సుకు వెళ్లొచ్చానంటే ఎవరూ పట్టించుకోరు.

సంబంధాల సంగతి మీ ఇంటి విషయం. ఐదు రోజుల బెంగళూరు ప్రయాణానికి దాన్ని అడ్డం పెట్టొద్దని మాత్రం అమ్మగారికి చెప్పండి.

చివరగా పోస్టరు. దానికి కావలసిన సరుకు మీ ఇంట్లోనే ఉంది. మొన్న సీజన్లో మీరు కాయ తోలినప్పుడు ఇచ్చిన కాటా చీటీలు ఇంట్లో ఎక్కడో ఉంటాయి. చాలావాటి మీద లోడుతో తూచిన టైమూ, ఖాళీ బండి తూచిన టైమూ రెండూ పడి ఉంటాయి. ఆ రెంటి మధ్య తేడానే పాప భాషలో సర్వీసు టైము. ఊళ్లో ఇంకో ఇరవై ముప్పై మంది దగ్గర కూడా అడిగి చీటీలు పోగుచేయండి, గేటు బయట ఎన్ని గంటలు పడిగాపులు కాశారో ఎవరికి గుర్తున్నది వాళ్ల చేత చీటీ వెనక రాయించండి. కాగితాలు మాసిపోయి ఉంటాయి, అచ్చు వెలిసిపోకముందే ఫొటో తీసి పాపకు పంపండి.