ఉద్దానం వెళ్లే ముందు

చి. అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

రాష్ట్రంలో వైద్య సంస్కరణలు ఎంతవరకు వచ్చాయో చూసి రాసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు హెల్త్ సూపర్‌వైజరుగా ఊళ్లు తిరిగాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు జిల్లాల సంగతి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం, కురుపాం విజయనగరం నుంచి, పాలకొండ, సీతంపేట మన శ్రీకాకుళం నుంచి మన్యం జిల్లాలోకి వెళ్లాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు పాత జిల్లాలవి. వాటి పక్కన ఇప్పటి విజయనగరం అంకె పెట్టావంటే, గర్భిణిని డోలీలో మోసుకొచ్చే కొండ ఊళ్లు చాలావరకు లెక్కలోంచి జారిపోతాయి. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా జిల్లా బాగుపడినట్టు కనిపిస్తుంది. ఇప్పటి మూడు జిల్లాలూ కలిపి చూడు.

ఇక ఉద్దానం, మన శ్రీకాకుళంలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. ఎన్నాళ్ల నుంచో అడిగినవి, చూసి సంతోషించాను. అయితే పడకలు లెక్కపెట్టుకుని తిరిగిరాకు. కవిటిలోనో కంచిలిలోనో డయాలసిస్ చేయించుకుంటున్న వాళ్లింట్లో ఒక పూట కూర్చో. ఏ టైముకు బయల్దేరతారు, ఆటోకి ఎంతవుతోంది, తోడు వెళ్లే మనిషికి వారంలో ఎన్ని రోజుల కూలి పోతోంది, ఏ మందులు బయట కొంటున్నారు, అన్నీ అడుగు. ఒకప్పుడు దీనికి విశాఖ దాకా పోయేవారు. ఆ కష్టంలో ఎంత తగ్గిందో రాసుకో. కుళాయి తిప్పి చూడు. నీళ్లొస్తున్నా బోరు నీళ్లే తాగుతున్నారేమో కనుక్కో. జబ్బుకు కారణం ఇంకా తేలలేదు కాబట్టి, నీళ్లతో జబ్బు తగ్గిందని తొందరపడి రాయకు.

కేసులు పెరిగాయంటే కంగారు పడకు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష ఊళ్లోకి వస్తే ఇన్నాళ్లూ తెలియనివాళ్లు బయటపడతారు. ఎన్ని పరీక్షలకు ఎన్ని కేసులో చూడాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి రిపోర్టులో కేసులు లేవని రాసి పంపేశాను. ఆ ఊళ్లో ఒక్కరికి కూడా పరీక్ష చెయ్యలేదు. తర్వాత రెండేళ్లలో అక్కడ కిడ్నీలు పాడై నలుగురు పోయారు. ఆ కాగితం మీద సంతకం నాదే. ఇప్పటికీ ఆ ఊరి బస్సు చూస్తే గుండె బరువెక్కుతుంది.

ఆశా కార్యకర్తలతో మీటింగులో మాట్లాడకు, పైవాళ్ల ముందు నోరు విప్పరు. ఇళ్లకు వెళ్లు.

కవిటి వెళ్లే రోజు ముందుగా ఫోన్ చెయ్యి. సోంపేటలో నీతో బస్సెక్కుతాను.

మావయ్య