టెక్ సందేహాలు: డీజిల్ లారీకి బ్లో-ఆఫ్ వాల్వు ఎందుకు?

ప్రశ్న: మాది జయపురం. బీఎస్‌6 లారీ ఉంది, విశాఖకు లోడు తిప్పుతాం. బ్లో-ఆఫ్ వాల్వు బిగిస్తే టర్బో ఎక్కువ కాలం మన్నుతుందని, పికప్ కూడా పెరుగుతుందని ఒక షెడ్డులో చెప్పారు. గేరు మార్చినప్పుడల్లా ‘ఫుస్స్’మంటుందట. మా డ్రైవర్ తెగ ముచ్చటపడుతున్నాడు. పెట్టించమంటారా?

జవాబు: వద్దండి. మీ ఇంజిన్‌లో ఆ వాల్వుకు చేసే పనే లేదు.

అది పెట్రోలు ఇంజిన్ కోసం పుట్టిన వస్తువు. పెట్రోలు బండిలో గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ అనే రేకు ఉంటుంది. యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీయగానే అది మూసుకుంటుంది. ఇంజిన్ పొగ జోరుతో తిరుగుతూ లోపలికి గాలిని నొక్కి పంపే టర్బో మాత్రం నిమిషానికి లక్ష చుట్లు దాటిన వేగంలో గాలిని తోస్తూనే ఉంటుంది. పోయే దారి లేక ఆ గాలి కంప్రెసర్ (టర్బోలో గాలిని తోసే చక్రం) రెక్కల మీదికి ఎదురు తన్నుతుంది. దీన్నే సర్జ్ అంటారు. ఆ గాలిని బయటికి వదలడమే బ్లో-ఆఫ్ వాల్వు పని.

డీజిల్ ఇంజిన్‌లో కాలు తీస్తే ఆగేది డీజిలు, గాలి కాదు. దారి తెరిచే ఉంటుంది కాబట్టి సిలిండర్లు గాలిని లాక్కుంటూనే ఉంటాయి. లోపల ఏమీ మండదు కనుక పొగగొట్టంలోకి వెళ్లే వాయువుల్లో వేడీ జోరూ తగ్గి, టర్బో తనంతట తానే నెమ్మదిస్తుంది. ఇరుక్కుపోయిన గాలి ఉంటే కదా వదలడానికి!

‘బీఎస్‌6 డీజిల్‌లోనూ థ్రాటిల్ ఉంది కదా’ అని షెడ్డులో వాదించవచ్చు. చాలావాటిలో ఉన్నమాట నిజమే. కానీ అది ఈజీఆర్‌లోకి (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) పొగ లాగడానికి, డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి కాల్చేటప్పుడు వేడి పెంచడానికి. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ లెక్క ప్రకారం కదులుతుంది తప్ప, కాలు తీసిన ప్రతిసారీ టక్కున మూసుకోదు. పెద్ద టర్బో వేసి, ఒత్తిడి బాగా పెంచి పోటీల్లో తిప్పే డీజిల్ బళ్లలో సర్జ్ రావచ్చు. మీరు మోసేది లోడు, ఆ గొడవ మీకెందుకు?

ఇంకో విషయం. మామూలు బ్లో-ఆఫ్ వాల్వు థ్రాటిల్ మూసుకున్నప్పుడు పుట్టే వాక్యూమ్‌తో తెరుచుకుంటుంది. డీజిల్‌లో ఆ వాక్యూమ్ ఉండదు. అందుకే డీజిల్ కిట్లలో వాల్వును కరెంటుతో తెరిచే సోలినాయిడ్, పెడల్ దగ్గర స్విచ్ ఇస్తారు. అంటే మీరు డబ్బు పెట్టి కొనేది శబ్దాన్నే. ఫుస్స్‌మనడం లారీకి కొత్తా ఏమిటి? బ్రేకుల ట్యాంకు నిండగానే ఎయిర్ డ్రయర్ ఆ పని రోజూ చేస్తూనే ఉంది.

నష్టాలు మాత్రం నిజమైనవి. వాల్వు కోసం ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపు కోయాలి. కోసిన చోట లీకైతే నల్ల పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది, డీపీఎఫ్ త్వరగా మసి పడుతుంది. గాలి ఒత్తిడి లెక్క తప్పిందని సెన్సర్ పసిగడితే చెక్ ఇంజిన్ లైటు వెలిగి, పవర్ తగ్గిపోతుంది. లోడు బండితో సుంకి ఘాట్‌లో అలా జరిగితే ఎంత టెన్షనో మీకు చెప్పాలా? పైగా కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. వారంటీ దగ్గరా పేచీ వస్తుంది.

పికప్ నిజంగానే తగ్గిందనిపిస్తే, ఆ డబ్బు హోస్ పైపులు, క్లిప్పుల మీద పెట్టండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు హోసుల అంచులను వేలితో తడిమి చూడండి. నూనె జిడ్డు మీద ఎర్రమట్టి అంటుకుని నల్లటి చార కనిపిస్తే, లీకు అక్కడే అని అనుమానించాలి. షెడ్డులో పైపుకు మూత బిగించి, తక్కువ ఒత్తిడితో గాలి పెట్టి, సబ్బునీళ్లు రాయమనండి. బుడగలు చెబుతాయి. మీ దారిలోని కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి అక్కడ దాదాపు పదో వంతు తక్కువ. ఘాట్ కింద సాలూరు దగ్గర తెలియని చిన్న లీకు పైకి ఎక్కేసరికి బయటపడుతుంది.

టర్బో మన్నాలంటే ఎయిర్ ఫిల్టర్, కంపెనీ చెప్పిన ఆయిల్. ఘాట్ ఎక్కి ఆపాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఇంజిన్ ఆపడం. అంతే.

ప్రశ్న: వేస్ట్‌గేట్ అన్నా ఇదేనా? (రాయగడ)

జవాబు: కాదు. వేస్ట్‌గేట్ ఉండేది పొగ వైపు. ఒత్తిడి హద్దు దాటకుండా కొంత పొగను టర్బైన్‌కు (టర్బోలో పొగతో తిరిగే చక్రం) తగలనీయకుండా పక్కదారి పట్టిస్తుంది. డీజిల్ టర్బోల్లో అది మామూలే. దాన్ని కెలకొద్దు.

ప్రశ్న: కారుకు కొన్న బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (బండి సాకెట్‌లో గుచ్చితే ఇంజిన్ వివరాలు ఫోన్‌లో చూపించేది) మా లారీకి వాడవచ్చా? (పర్లాకిమిడి)

జవాబు: ఆగండి. కారు 12 వోల్టులు, పెద్ద లారీ 24. చవక డాంగిళ్లు చాలావరకు 12కే తయారవుతాయి, 24 తగిలితే కాలిపోవచ్చు. 24 వోల్టుల సాకెట్‌లో మధ్య గాడి తెగి ఉండేది కారు ప్లగ్ దూరకూడదనే. చాకుతో చెక్కి దూర్చే ఘనులూ ఉన్నారు, మీరు ఆ పని చేయకండి. లారీ ఈసీయూలు ఎక్కువగా జె1939 అనే, పెద్ద బళ్ల కోసం ఉన్న డేటా పద్ధతిలో మాట్లాడతాయి. కాబట్టి కొనేటప్పుడు పెట్టె మీద 24 వోల్టులు, జె1939 రెండూ ఉన్నాయేమో చూడండి. మీ మోడల్‌లో డీపీఎఫ్ మసి రీడింగ్ చూపిస్తుందా అనీ అడగండి. అది చూపించకపోతే బీఎస్‌6 లారీకి కొని పెద్ద ప్రయోజనం లేదు.