బ్యాడ్జర్ బ్రష్ కొంటానంటున్న మా అల్లుడికి

ఒరే అల్లుడూ,

మొన్న ఆదివారం ఫోన్లో "మావయ్యా, గడ్డానికి నురగ పట్టించే మంచి బ్యాడ్జర్ బ్రష్ ఒకటి కొందామనుకుంటున్నా, రెండొందల పౌండ్లైనా పర్లేదు" అన్నావు కదా, అప్పుడే మీ అత్తయ్య అన్నానికి పిలిచేసరికి సరిగ్గా చెప్పలేకపోయా, తర్వాత పడుకున్నాక కూడా అదే బుర్రలో తిరిగింది. అందుకే కూర్చుని రాస్తున్నా, కొంచెం పెద్దగానే అవుద్ది, ఓపిగ్గా చదువు, చదివేదాకా మాత్రం ఆర్డర్ పెట్టకు.

బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలతో చేసే ఈ బ్రష్షుల్లో నేను పడి పద్ధెనిమిదేళ్ళు దాటింది. అంతకుముందు నేనూ అందర్లాగే, డబ్బాలోంచి ఫోము నొక్కడం, వాడి పారేసే రేజరుతో గబగబా గీకేయడం, మెడ మీద ఎర్రటి పొక్కులు, మళ్ళీ వాటికో క్రీము. అప్పుడు గుర్తొచ్చింది మీ తాతయ్య. తెనాల్లో పెరటి అరుగు మీద అద్దం గోడకి ఆనించుకుని, స్టీలు గిన్నెలో వేడినీళ్ళు పెట్టుకుని, సగం అరిగిపోయిన పంది వెంట్రుకల బ్రష్షుతో చెంపలు తెల్లగా అయ్యేదాకా నురగ తీసి, గీసుకున్నాక పటిక రుద్దుకునేవాడు, ఆయన మెడ మీద ఒక్క పొక్కు నేనెప్పుడూ చూళ్ళేదు. బ్లేడు కంటే ముందు నురగ ముఖ్యం అని నాకు అప్పుడు తెలీదు, నలభై దాటాక తెలిసింది. బ్రష్ చేసే పని కూడా అదే, వెంట్రుక కుదుళ్ళని లేపడం, నీళ్ళూ సబ్బూ కలిపి చర్మానికి పట్టించడం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా, నువ్వు సరిగ్గా అదే చెయ్యబోతున్నావు కాబట్టి. మొదటిసారి నేను కూడా ఎంత పెద్దది, ఎంత మెత్తనిది దొరికితే అంత మంచిది అనుకుని 28 మిల్లీమీటర్ల కుచ్చు, పొడుగాటి వెంట్రుకలు, సిల్వర్‌టిప్, అంటే తెల్ల కొనలది, అని రాసున్నది ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నా. చేత్తో పట్టుకుంటే పిల్లి పిల్లని పట్టుకున్నట్టుంది, ఎంత ముచ్చటేసిందో. మొహం మీద పెట్టేసరికి తడిసిన దూదిలాగా అటూ ఇటూ వాలిపోవడం, సబ్బంతా లోపలికి మింగేసి పైకి ఇవ్వకపోవడం, నీళ్ళు మోచేతి దాకా కారడం. నా గడ్డం నీకు తెలుసుగా, కొబ్బరి పీచు, నీదీ అదే రక్తం. అలాంటి గడ్డానికి కొంచెం వెన్నున్న బ్రష్ కావాలి, అంటే మొహానికి నొక్కితే వెంట్రుకలు పడిపోకుండా వెంటనే తిరిగి లేవాలి. వీళ్ళు బ్యాక్‌బోన్ అనేది దాన్నే. అది ఉండాలంటే కుచ్చు బిగుతుగా ఉండాలి, వెంట్రుకలు మరీ పొడుగు ఉండకూడదు. నీకు కుచ్చు అడుగున 24 మిల్లీమీటర్లు, ఎత్తు 50 చుట్టుపక్కల ఉంటే చాలు, ఎక్కువలోకి వెళ్ళకు.

గ్రేడ్ల సంగతి జాగ్రత్తగా విను, డబ్బులు పోయేది ఇక్కడే. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని రాస్తారు చూడు, వీటికి బంగారానికి హాల్‌మార్క్ లాగా ఒక కొలత అంటూ ఏం లేదు. ఒక కంపెనీవాడి సూపర్ ఇంకొకడి బెస్ట్‌తో సమానంగా ఉండొచ్చు. ప్యూర్ అన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది గానీ అది అన్నిటికంటే కింది రకం, ముదురు రంగులో ఉండి కొనలు గుచ్చుకుంటాయి, చాలాసార్లు ఆకారం కోసం పైన కత్తిరించేసి ఉంటారు. మంచి బ్రష్‌లో కొనలు ఎప్పుడూ కత్తిరించరు, వెంట్రుకలన్నీ ఒక చిన్న గిన్నెలాంటి అచ్చులో కొనలు కిందికి పెట్టి తట్టి, గుండ్రంగా సర్దుకున్నాక కుదుళ్ళ దగ్గర దారంతో కట్టి జిగురు పోస్తారు, అందుకే పై వంపు సహజమైన సన్నటి కొనలతో వస్తుంది. షాపులో చూస్తున్నప్పుడు వేలితో పైపైన నిమురు, కొనలు సన్నగా తగులుతున్నాయా, మొద్దుగా గరుగ్గా తగులుతున్నాయా అన్నది పొడిగా ఉన్నప్పుడే తెలిసిపోద్ది.

రంగు కూడా చూడు. మామూలు సూపర్‌లో మూడు పట్టీలుంటాయి, అడుగున లేత గోధుమ, మధ్యలో నలుపు, పైన తెలుపు. రెండు పట్టీలదైతే అడుగున నలుపు రంగు ఉండి పైన తెలుపు ఉంటుంది, దాని వెంట్రుక కొంచెం గట్టిగా ఉంటుంది, ఖరీదు కూడా ఎక్కువే. కొంతమంది మామూలు వెంట్రుకకి బ్లీచ్ కొట్టి తెల్లగా చేసి సిల్వర్‌టిప్ అని అమ్ముతారు, నేను మొదట కొన్నది అలాంటిదేనని నా అనుమానం, ఎందుకంటే ఆరు నెలలకే కొనలు పెళుసుబారి విరగడం మొదలెట్టాయి. ఎవరి దగ్గర కొన్నానో చెప్పను గానీ చవగ్గా వచ్చిందని మాత్రం సంబరపడ్డా.

ఎవరిది కొనాలి అంటావా. ఇంగ్లండ్‌లో ఉన్నవాడివి కాబట్టి సింప్సన్ చూడు. 1919లో అలెగ్జాండర్ సింప్సన్ లండన్లో మొదలెట్టిన కంపెనీ అది, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డాక సోమర్‌సెట్ వెళ్ళిపోయారు, 2008లో ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలోని వాళ్ళ చేతికి వచ్చింది, ఇప్పుడు అక్కడే చేత్తో చేస్తున్నారు. వాళ్ళ చబ్బీ 2 అని పొట్టిగా బొద్దుగా ఉంటుంది, అందరూ దాని గురించే చెప్తారు, మంచిదే, కాదనను, కానీ దాని కుచ్చు 27 దాకా ఉంటుంది, మహా చిక్కన, మొదటి బ్రష్‌గా దాన్ని సముదాయించడం కష్టం, నురగ బయటికి రావాలంటే చెయ్యి అలవాటు పడాలి. అందుకని వాళ్ళ దాంట్లోనే చిన్న సైజు, బెస్ట్ గ్రేడ్ తీసుకో అంటా. సూపర్ తీసుకోవద్దా అంటే వద్దనే చెప్తా, నీ గడ్డానికి బెస్టే నయం, గరుకు కాదు, లేచే గుణం ఎక్కువ, పైగా డబ్బులూ మిగుల్తాయి. కెంట్ కూడా 1777 నుంచి ఉన్న కంపెనీ, వాళ్ళవి చాలా మెత్తగా ఉంటాయి, క్రీము వాడేవాళ్ళకి బావుంటాయి, సబ్బు బిళ్ళ వాడే నీకు నప్పవు.

పాతకాలంవి, ఎవరో వాడినవి, యాంటిక్ అని అమ్మేవి మాత్రం కొనకు. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో బ్యాడ్జర్ వెంట్రుక సరిగ్గా దొరక్క గుర్రం వెంట్రుకతో అచ్చం బ్యాడ్జర్ లాగా కనపడేట్టు బ్రష్షులు చేశారు, వాటిని సరిగ్గా శుద్ధి చెయ్యకపోవడంతో గడ్డం గీసుకున్న సైనికులకి ఆంత్రాక్స్ అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చింది, కొందరు చనిపోయారు కూడా. ఆ క్రిమి ఏళ్ళ తరబడి బతికుంటుంది. పిడి ఎంత అందంగా ఉన్నా ఆ కాలంది మొహానికి పెట్టుకోకు.

ఇంకో మాట, ఇది కూడా కొనే ముందే ఆలోచించుకోవాల్సింది. ఇక్కడ అడవుల్లో తిరిగే బ్యాడ్జర్లకి 1992 నుంచి గట్టి చట్టం ఉంది, అనుమతి లేకుండా వాటి జోలికి పోడానికి లేదు, బ్రష్షుల్లోకి వచ్చే వెంట్రుక దాదాపు అంతా చైనా నుంచే. అక్కడ వాటిని ఎలా పడతారో, ఎలా పెంచుతారో వచ్చిన వీడియోలు చూశాక నాకు చాలా బాధేసింది, ఉన్నవాటినే వాడుకుంటున్నా, కొత్తది మళ్ళీ కొనలేదు. నీకు మనసొప్పకపోతే ఈ రోజుల్లో సింథటిక్ బ్రష్షులు బ్రహ్మాండంగా వస్తున్నాయి, పదేళ్ళ క్రితం లాగా ప్లాస్టిక్ చీపురులా లేవు, త్వరగా ఆరతాయి, ధర కూడా నాలుగో వంతు. కొంటే మాత్రం ఒక్కటే కొను, ఇరవై ఏళ్ళు వాడేలా చూసుకో.

సరే, కొన్నావనుకో. మొదటి రోజే వాడేసి బాలేదని నాకు ఫోన్ చెయ్యకు. కొత్త బ్యాడ్జర్ తడిస్తే వాసనొస్తుంది, వానలో తడిసిన కుక్క పక్కన కూర్చున్నట్టుంటుంది. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల షాంపూ వేసి కడుగు, తర్వాత సబ్బుతో బాగా నురగ తీసి ఆ నురగతోనే రాత్రంతా వదిలెయ్, పొద్దున్న కడుగు. రెండు మూడుసార్లు అలా చేస్తే పోద్ది. వెంట్రుకలు కూడా మొదట్లో రోజుకి రెండు మూడు ఊడతాయి, కట్టేటప్పుడు దారానికి అందనివి అవి, కంగారు పడకు. నెల దాటాక కూడా గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడుతుంటే అది కట్టిన లోపం, తిరిగి ఇచ్చెయ్, అందుకే బిల్లు జాగ్రత్తగా దాచు. అసలు ఒక ముప్పై సార్లు గీసుకున్నాక గానీ బ్రష్ ఎలాంటిదో తెలీదు, అప్పటికి కొనలు విచ్చుకుని కుచ్చు పువ్వులా తెరుచుకుంటుంది.

వాడేటప్పుడు వేణ్ణీళ్ళు అంటే మరిగేవి కాదు, చంటిపిల్లాడికి పోసే స్నానం నీళ్ళంత. సలసల కాగే నీళ్ళు వెంట్రుకనీ పాడు చేస్తాయి, లోపల జిగురునీ పాడు చేస్తాయి. నువ్వు స్నానం చేసేలోపు నాననిస్తే చాలు, తీసి ఒక్కసారి విదుల్చు, మరీ పిండకు. సబ్బు బిళ్ళ మీద అర నిమిషం తిప్పు, కొనలకి పేస్టులా పట్టాక మొహం మీదికి రా, అక్కడ చుక్క చుక్క నీళ్ళు కలుపుతూ వెళ్ళు. ఇక్కడ అందరూ తొందర పడతారు, నీళ్ళు సరిపోవు, నురగ బుడగలు బుడగలుగా వచ్చి రెండు నిమిషాల్లో ఎండిపోతుంది. గడ్డపెరుగు చిలికినప్పుడు మెరుస్తుంది చూడు, అలా మెరవాలి. అడ్డంగా గోడకి సున్నం వేసినట్టు వెయ్యి, గుండ్రంగా తిప్పినా పైపైన తిప్పు, అడుగు దాకా నొక్కి రుద్దితే కొన్నాళ్ళకి మధ్యలో వెంట్రుకలు విరిగి గారె చిల్లు లాగా తయారవుద్ది, నా రెండో బ్రష్ అలాగే పోయింది.

నీకు ఒక అదృష్టం ఉంది, మాంచెస్టర్లో ఉన్నావు. అక్కడ నీళ్ళు లేక్ డిస్ట్రిక్ట్ నుంచి వస్తాయి, చాలా మెత్తని నీళ్ళు, కొంచెం సబ్బుకే బోలెడు నురగ. నేనుండే క్రాయిడన్లో సుద్దరాయి నీళ్ళు, కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది అదే, ఆ క్యాల్షియం సబ్బుని పట్టేసి తెట్టులా చేసేస్తుంది, నురగ రాదు, పైగా ఆ తెట్టు కుచ్చు కుదుళ్ళలో చేరి బ్రష్ గట్టిపడుతుంది. నువ్వు విజయవాడ వెళ్ళి ఇంట్లో బోరు నీళ్ళు వాడినప్పుడు ఇదే అవుద్ది, సబ్బు రెట్టింపు తీసుకో, వెనక్కొచ్చాక పది చెంచాల నీళ్ళకి ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి ఐదు నిమిషాలు ముంచి కడిగెయ్.

ఆరబెట్టడం. తలకిందులుగా వేలాడదియ్యాలని స్టాండ్ కొనమంటారు, నిలబెట్టినా ఏం కాదు, గాలి తగలడం ముఖ్యం. కుదుళ్ళ నుంచి కొనల దాకా సబ్బు పోయేలా కడిగి, విదిల్చి, పొడి తువ్వాలు మీద అటూ ఇటూ తుడిచి కిటికీ దగ్గర పెట్టు. ఒకసారి ఊరెళ్ళేటప్పుడు ఆఖరి నిమిషంలో గీసుకుని తడి బ్రష్‌ని అలాగే తోలు డబ్బాలో పెట్టి సూట్‌కేసులో పడేశా, మీ ఇంటికొచ్చి తెరిస్తే కుదుళ్ళ దగ్గర బూజు, మీ అమ్మ పెరట్లో పారేయించింది. ఊరెళ్ళేటప్పుడు సింథటిక్ పట్టుకెళ్ళు, లేదా ముందు రోజే గీసుకో.

వచ్చే శనివారం మా ఇంటికి రా. నా దగ్గర మూడున్నాయి, బెస్ట్ ఒకటి, రెండు పట్టీలది ఒకటి, సింథటిక్ ఒకటి, మూడూ కడిగి ఆరబెట్టి ఉంచుతా. శనివారం ఒకదానితో, ఆదివారం ఇంకోదానితో గీసుకుని చూడు, ఏది నచ్చిందో అప్పుడు చెప్పు. రేజరూ బ్లేడూ నీవి నువ్వు తెచ్చుకో, అవి ఒకళ్ళవి ఒకళ్ళు వాడకూడదు. గురువారం శుక్రవారం గడ్డం గీసుకోకు, రెండు రోజుల గడ్డం మీదైతే తేడా బాగా తెలుస్తుంది. రైలెక్కాక మీ అత్తయ్యకి ఒక ఫోన్ కొట్టు.

మీ మావయ్య