సీజన్ మొదలయ్యేలోపు ఆ షేర్డ్ డ్రైవ్ సంగతి చూసుకో

అమ్మాయీ,

తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు. మీ ఆఫీసు ఐబీఎం కంప్యూటర్ ఏఎస్/400లో ఉన్న రైతుల బిల్లులూ కాటా లెక్కలూ అకౌంట్స్ వాళ్ళ పీసీల్లో కనబడాలని, అందుకోసం ఒక షేర్డ్ డ్రైవ్ పెట్టమని మీ మేనేజర్ గారు అడిగారని రాశావు. జూన్‌లో తోతాపురి మామిడి లోడ్లు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరాయంటే చిత్తూరులో ఎవరికీ ఊపిరి సలపదు. అందుకే ఇప్పుడే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఇది గుర్తుపెట్టుకో. పీసీలకు ఇవ్వాల్సింది నకలు. అసలు ఫైల్ జోలికి ఎవరినీ రానివ్వకు.

1988లో ఏఎస్/400 వచ్చినప్పుడు దానికి తెలిసింది లైబ్రరీలూ వాటిలో ఆబ్జెక్టులే. 1994లో ఐఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థ వచ్చాక పీసీలో ఉన్నట్టే డైరెక్టరీలూ మామూలు ఫైళ్ళూ పెట్టుకునే వీలు కలిగింది. 1998లో నెట్‌సర్వర్ అనే ఫైళ్ళు పంచే సదుపాయం వచ్చింది. దాంతో విండోస్ పీసీకి ఈ మెషిన్ కూడా నెట్‌వర్క్‌లో ఇంకో విండోస్ సర్వర్ లాగే కనిపిస్తుంది, పీసీలో వేరే సాఫ్ట్‌వేర్ వేయకుండానే డ్రైవ్ మ్యాప్ చేసుకోవచ్చు. ఇంత సులువు కాబట్టే జాగ్రత్త కావాలి.

తొందరలో ఉన్నవాళ్ళు రూట్ డైరెక్టరీని షేర్ చేసేస్తారు. అలా ఎప్పుడూ చేయకు, ఎవరైనా చేసి ఉంటే తీసెయ్. రూట్ కింద అన్నీ ఉంటాయి, క్యూసిస్ డాట్ లిబ్ రూపంలో మీ లైబ్రరీలతో సహా. పైగా రూట్‌కు పబ్లిక్ అధికారం మొదటి నుంచే ధారాళంగా ఉంటుంది. ఏఎస్/400కి వైరస్ పట్టదు అని మీ ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. విండోస్ వైరస్ దానిలో నడవదు, నిజమే. కానీ గుమాస్తా పీసీకి రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పట్టిందనుకో, ఆ పీసీకి మ్యాప్ చేసిన డ్రైవ్‌లో ఆ గుమాస్తాకు ఏ ఫైల్ మార్చే హక్కు ఉందో ఆ ఫైలన్నీ అదీ మార్చేస్తుంది. ఊరి వాళ్ళు వస్తే అరుగు మీద కూర్చోబెడతాం గానీ బీరువా ఉన్న గదిలోకి తీసుకుపోం కదా!

అందుకని రూట్ కింద కొత్తగా ఒక డైరెక్టరీ చేసి, దాని కింద రెండు పెట్టు. ఒకటి మెషిన్ నుంచి పీసీలకు పోయే ఫైళ్ళకు, రెండోది పీసీల నుంచి మెషిన్‌కు వచ్చే ఫైళ్ళకు. మొదటిదాన్ని రీడ్ ఓన్లీగా షేర్ చెయ్. రెండోదానికి రాసే హక్కు కాటా పీసీ ప్రొఫైల్ ఒక్కదానికే ఇవ్వు. షేర్ మీద పెట్టే రీడ్ ఓన్లీ వేరు, డైరెక్టరీ మీద ఉండే అధికారం వేరు, రెండూ చూసుకోవాలి. వర్క్ విత్ అథారిటీ కమాండ్‌తో పబ్లిక్‌ను ఎక్స్‌క్లూడ్ చేసి, కావలసిన వాళ్ళను మాత్రం పేరుపేరునా చేర్చు. ఆల్ ఆబ్జెక్ట్ అధికారం, అంటే మెషిన్‌లో అన్నిటి మీదా హక్కు, ఉన్న ప్రొఫైల్‌కు ఈ కట్టుబాట్లేవీ అడ్డం కావు. కాబట్టి సెక్యూరిటీ ఆఫీసర్ ప్రొఫైల్‌తో ఏ పీసీ మీదా, నీ పీసీ మీద కూడా, డ్రైవ్ మ్యాప్ చేయొద్దు. గెస్ట్ ప్రొఫైల్ ఖాళీగా ఉంచు.

మీ దగ్గర పాత ప్రోగ్రాములు క్యూడీఎల్ఎస్ అనే పాతకాలపు ఫోల్డర్లలో ఫైళ్ళు పెడుతూ ఉండొచ్చు. పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు అక్షరాలు మించకపోతే అక్కడిది కావచ్చు. నెమ్మదిగా నడుస్తుంది. కొత్త పని ఏదీ అక్కడ మొదలుపెట్టకు.

ఇక బిల్లుల ఫైల్. దాన్ని నేరుగా పీసీలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఈ మెషిన్ అక్షరాలను ఎబ్సీడిక్‌లో రాస్తుంది, పీసీది ఆస్కీ. ఇంగ్లీషు పెద్ద ‘ఏ’ అక్షరం నంబర్ అక్కడ 193, ఇక్కడ 65. అంకెలు ప్యాక్డ్ డెసిమల్‌లో, అంటే ఒక్కో బైట్‌లో రెండేసి కుక్కి, ఉంటే అసలే అర్థం కావు. కాపీ టు ఇంపోర్ట్ ఫైల్ కమాండ్ వాడితే ఫీల్డుల మధ్య కామాలు పెట్టి, అంకెలను చదవగలిగేలా విప్పి, సీఎస్‌వీ ఫైల్ రాసి ఇస్తుంది. రికార్డు చివర సీఆర్ఎల్ఎఫ్ (పీసీలకు లైన్ ముగింపు గుర్తు) పెట్టమని, స్ట్రీమ్ ఫైల్ సీసీఎస్ఐడీ, అంటే అక్షరాల కోడ్ నంబర్, 1208 అని చెప్పు. 1208 అంటే యూటీఎఫ్-8. రైతుల పేర్లు తెలుగులో ఉండాలని మేనేజర్ గారు అడిగితే, టేబుల్లోనే ఆ ఫీల్డును యూనికోడ్‌గా పెట్టాలి. ఎబ్సీడిక్‌లో మామూలుగా వాడే 37 నంబర్ కోడ్‌లో తెలుగు అక్షరానికి చోటే లేదు, అందులో ఉన్న ఫీల్డు నుంచి ఎంత మార్చినా తెలుగు రాదు.

ఎక్సెల్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేస్తే 004512 అనే రైతు కోడ్ 4512 అయిపోతుంది. 12 అంకెలున్న ఆధార్ నంబర్ మధ్యలో ‘ఇ’ అక్షరంతో కుదించి కనిపిస్తుంది. బ్యాంకు ఖాతా నంబర్ 16 అంకెలైతే ఇంకా ప్రమాదం. ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది, పదహారోది సున్నా చేసేస్తుంది. గుమాస్తా ఏమీ మార్చకుండా సేవ్ కొట్టినా ఖాతా మారిపోయినట్టే. అందుకే పోయే ఫోల్డర్ రీడ్ ఓన్లీగా ఉండాలన్నాను. అకౌంట్స్ వాళ్ళకు డబుల్ క్లిక్ మాన్పించి, డేటా మెనూ నుంచి టెక్స్ట్ ఫైల్‌గా తెచ్చుకుని ఆ కాలమ్‌లను టెక్స్ట్ అని ఎంచుకోవడం నేర్పు. పక్కన కూర్చుని ఓపికగా చూపించు, వాళ్ళు రోజంతా బిల్లులతో తంటాలు పడేవాళ్ళు. రోజూ అదే రిపోర్ట్ కావాలంటే ఫైల్ ఎందుకు, ఎక్సెల్ నేరుగా డేటాబేస్‌ను చదివే ఓడీబీసీ పెట్టి చదివే హక్కు ఒక్కటే ఇవ్వు.

కాటా పీసీ నుంచి వచ్చే ఫైల్‌తో ఇంకో చిక్కు ఉంది. పీసీ ఇంకా రాస్తూ ఉండగానే నీ ప్రోగ్రాం ఆ ఫైల్ తీసుకుందంటే సగం లోడ్లే ఎక్కుతాయి, మిగతా రైతులకు బిల్లు రాదు. కాటా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు చెప్పి, ముందు వేరే ఎక్స్‌టెన్షన్‌తో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు రీనేమ్ చేయించు. నీ ప్రోగ్రాం అసలు పేరున్న ఫైళ్ళనే చూడాలి. ఫైల్ చివరి లైన్లో మొత్తం లోడ్ల సంఖ్యా మొత్తం బరువూ రాయించు. అవి సరిపోకపోతే ఆ ఫైల్ పక్కన పెట్టి నీకు మెసేజ్ పంపాలి. ఎక్కించిన ఫైల్‌ను చెరపకుండా తేదీతో వేరే డైరెక్టరీకి మార్చు. రైతు వచ్చి నా బరువు తప్పు పడిందమ్మా అంటే తీసి చూపించగలగాలి.

పాస్‌వర్డ్ సంగతి. ఎవరో ఏఎస్/400 పాస్‌వర్డ్ మార్చుకుంటారు, విండోస్ మాత్రం దాచుకున్న పాతదాన్నే పంపుతూ ఉంటుంది. కొన్నిసార్లు తప్పాక ఆ ప్రొఫైల్ నెట్‌సర్వర్‌కు మాత్రమే డిజేబుల్ అవుతుంది. గ్రీన్ స్క్రీన్‌లో (ఏఎస్/400 టెర్మినల్‌లో) సైన్ ఆన్ అవుతోంది, డ్రైవ్ తెరుచుకోవడం లేదు అని ఫోన్ చేస్తే టెన్షన్ పడకు, ఇదే అయి ఉంటుంది. పీసీలో క్రెడెన్షియల్ మేనేజర్లో పాతది తీసేయించి, తర్వాత చేంజ్ యూజర్ ప్రొఫైల్ కమాండ్‌ను ఏమీ మార్చకుండానే ఆ పేరు మీద ఒకసారి ఇస్తే మళ్ళీ పనిచేస్తుంది.

బ్యాకప్ టేపు రోజూ తీస్తున్నాం అన్నావు. దేనితో తీస్తున్నారో చూడు. సేవ్ లైబ్రరీ కమాండ్ లైబ్రరీలనే తీసుకుంటుంది, ఈ డైరెక్టరీల్లో ఫైళ్ళను ముట్టుకోదు. వీటికి సేవ్ (ఎస్ఏవీ) కమాండ్ విడిగా చేర్చాలి. రాత్రి ఎవరైనా ఫైల్ తెరిచి ఇంటికి వెళ్ళిపోతే ఆ ఫైల్ టేపులోకి రాకపోవచ్చు, పొద్దున్నే జాబ్ లాగ్ చదువు.

చివరిది, అన్నిటికన్నా గట్టిగా చెప్పేది. ఈ మెషిన్ ఆపరేటింగ్ సిస్టంలో 7.1, అంతకన్నా పాత రిలీజుల నెట్‌సర్వర్ ఎస్ఎంబీ1 (విండోస్ ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి) మాత్రమే మాట్లాడుతుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ ఎస్ఎంబీ1 లోపం మీదే ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కొత్త విడత నుంచి కొత్తగా వేసిన పీసీల్లో దాన్ని పెట్టడం మానేశారు, లేదా వాడకపోతే దానంతట అదే పోయేలా చేశారు. డ్రైవ్ మ్యాప్ కావడం లేదని పీసీల్లో ఎస్ఎంబీ1 మళ్ళీ ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తారు. ఒప్పుకోకు. రిలీజ్ మార్చేవరకు ఐబీఎం వాళ్ళ పీసీ సాఫ్ట్‌వేర్ ఏక్సెస్ క్లయింట్ సొల్యూషన్స్‌లోని డేటా ట్రాన్స్‌ఫర్‌తో పని గడుపుకోవచ్చు.

మీ మెషిన్ ఏ రిలీజ్‌లో ఉందో, ఇప్పుడున్న షేర్లు ఏవో చూసి రాయి. రిలీజ్ మార్చాల్సి వస్తే మేనేజర్ గారికి ఇవ్వాల్సిన నోట్ ఇద్దరం కలిసి రాద్దాం. అక్కనూ బావగారినీ అడిగానని చెప్పు.

మామయ్య