వంటింటి ప్రశ్నలు: కంచంలో కూరకు చోటు

ఈసారి అందిన ఉత్తరాల్లో కూరగాయల గురించినవే ఎక్కువగా ఉన్నందువల్ల, వేరే ప్రశ్నలను వచ్చే సంచికకు దాచి, వీటిలో నాలుగింటికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం. మావారికీ, పదమూడేళ్ల బాబుకూ, తొమ్మిదేళ్ల పాపకూ బంగాళాదుంప వేపుడు, ముద్దపప్పు, ఆవకాయ ఉంటే చాలు. అరకిలో దొండకాయలు వేయించినా రాత్రికి మిగిలిపోతాయి. అసలు మనిషి రోజుకు ఎన్ని కూరగాయలు తినాలి? వీళ్లచేత ఇష్టంగా తినిపించే దారి ఏమైనా ఉందా?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: ముందు మీరడిగిన లెక్క చెబుతాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలోకేలరీల ఆహారం తీసుకునే మనిషి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, వాటికి తోడు 100 గ్రాముల పండ్లు తినాలి. బంగాళాదుంప ఈ లెక్కలోకి రాదు. మీ పాపకు కొంత తగ్గించి చూసినా మీ నలుగురికీ కలిపి రోజుకు కిలోన్నర దాకా పచ్చి కూరగాయలు కావాలి. మీరు వేయించిన అరకిలో దొండకాయలు మనిషికి 125 గ్రాములే వస్తాయి. నీరంతా ఇగిరిపోయాక కంచంలోకి వచ్చేది పిడికెడు. ఆ పిడికెడు కూడా మిగులుతోందంటే లోపం మీవాళ్ల నాలుకది అనుకోకండి. రోజుకు కావలసిన కూరగాయల బరువంతా ఒక్క వేపుడు మీద మోపడమే మనం చేస్తున్న పొరపాటు.

మన భోజనంలో పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు అనే వరుస ఉన్నది. ఆ వరుసలో కూరగాయకు చోటు లేని పదార్థం ఒక్కటీ లేదు. పప్పులోకి ఆనపకాయో దోసకాయో, పచ్చడికి బీరకాయ, పులుసులోకి ములక్కాడ, గుమ్మడి ముక్కలు, పెరుగులోకి పొట్లకాయ వెళితే, కూర అనే పేరు గల గిన్నె మీద భారం దానంతట అదే తగ్గుతుంది. రోజూ అన్నీ వండమని అనడం లేదు. పొద్దున రెండు, రాత్రికి ఒకటి అయినా చాలు. మీ ఇంట్లో ముద్దపప్పుకు ఆదరణ ఉన్నది కనుక మార్పు అక్కడే మొదలుపెట్టండి. కందిపప్పు ఒక గ్లాసు అయితే ఆనపకాయ ముక్కలు మూడు గ్లాసులు వేసి, పచ్చిమిర్చితో కలిపి మెత్తగా ఉడికించి, చింతపండు రసం ఆ తరువాతే పోయండి. పులుపు ముందే తగిలితే పప్పూ ఉడకదు, ముక్కా ఉడకదు. ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లితో నేతి తాలింపు పెట్టిన ఆ పప్పును ముద్దపప్పు తినేవాళ్లు వద్దనడం నేను చూడలేదు.

ఇక అసలు విషయం. ఏ కాయనైనా నూనెలో వేయించి కారం చల్లడం తప్ప మరో దారి లేదన్నట్టు మనం వండుతున్నాం గాని, మన పెద్దవాళ్లు ప్రతి కాయకూ దాని స్వభావాన్ని బట్టి జోడు వెతికి పెట్టారు. ఆనపకాయ, పొట్లకాయ వంటి నీటికాయలు చప్పగా ఉంటాయి కనుక వాటికి కమ్మదనం కావాలి. లేత ఆనపకాయ ముక్కలకు కొద్దిగా ఉప్పు వేసి, మూతపెట్టి, వాటి నీటిలోనే మగ్గనిచ్చి, సెగ బాగా తగ్గించి కాచిన పాలు అరగ్లాసు పోసి, చెంచాడు బియ్యప్పిండి పాలలోనే కలిపి చేర్చి దగ్గరకు రానివ్వండి. మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పడితే, పిల్లలు వట్టి కూరగానే తినేంత మెత్తగా, తియ్యగా ఉంటుంది. ఇందులోకి పులుపు రానివ్వకండి, పాలు విరిగిపోతాయి. బీరకాయకు వేయించి దంచిన నువ్వుపొడి జోడు. దాని చెక్కును కూడా పారేయవద్దు. పచ్చిమిర్చి, మినప్పప్పు, కాస్త చింతపండుతో వేయించి నూరితే బీరపొట్టు పచ్చడి అవుతుంది, ఒక కాయకు రెండు వంటకాలు వస్తాయి.

అరటికాయ, కంద పిండిగా ఉంటాయి కనుక వాటికి ఘాటు, పులుపు కావాలి. అందుకే వాటికి ఆవ పెడతాం. నానబెట్టిన ఆవాలను ఎండుమిర్చి, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరి, చింతపండుతో వండిన కూరను పొయ్యి మీద నుంచి దించాక మాత్రమే కలపాలి. ఆవఘాటు తడి తగిలి నూరినప్పుడు పుడుతుంది, వేడికి ఎగిరిపోతుంది. కూరతో పాటు ఉడికిస్తే మిగిలేది చేదే. వంకాయకు అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరిన పచ్చికారం చెప్పనక్కరలేని జోడు. ఆ ముద్దను కూడా చివరి రెండు నిమిషాల్లో కలిపితేనే కొత్తిమీర వాసన నిలుస్తుంది. క్యాబేజీని ఇంట్లోవాళ్లు వాసనకే వద్దంటారు. ఆ వాసన అతిగా ఉడికించడం వల్ల పుట్టేది. సన్నగా తరిగి, నానిన పెసరపప్పుతో ఏడెనిమిది నిమిషాలు మాత్రం మగ్గనిచ్చి, పచ్చికొబ్బరి చల్లి నిమ్మరసం పిండి చూడండి.

పిల్లల సంగతి. క్యారెట్టు తురిమి ఇడ్లీపిండిలో దాచిపెట్టే పద్ధతిని నేను తప్పుపట్టను గాని, దానినే నమ్ముకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. దాచి తినిపించిన కాయ రుచి పిల్లలకు ఎప్పటికీ పరిచయం కాదు. కొత్త కూర మొదటిసారి వద్దంటే రెండు ముక్కలే వడ్డించి, బతిమాలకుండా, బెదిరించకుండా వదిలేసి, వారం తిరిగాక మళ్లీ వండండి. ఒక్కొక్క కాయ అలవాటు కావడానికి పదిసార్లకు పైగా పట్టడం మామూలే. మా ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీసే పని పిల్లలకే అప్పగించేవాళ్లం. తాము ఒలిచిన కాయలు అనే మమకారంతోనే చాలాసార్లు తినేవారు. ఆవకాయను పెరుగన్నం దాకా ఆగమనండి. మొదటి ముద్దలోకే వస్తే, ఆ తరువాత ఏ కూరయినా చప్పగానే తోస్తుంది.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. ఉద్యోగరీత్యా డల్లాస్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఉంటున్నాను. సాయంత్రం వంటకు అరగంటకు మించి దొరకదు. ఇండియన్ స్టోరు దూరం కావడంతో వారాల తరబడి గుడ్లు, చికెన్, పప్పుతోనే గడిచిపోతోంది. ఫ్రీజర్‌లో పెట్టి అమ్మే కూరగాయలు మంచివేనా? ఇక్కడి కాయలతో మన రుచి వస్తుందా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: నాయనా, గడ్డకట్టించిన కూరగాయల గురించి భయపడవద్దు. కోసిన కొద్ది గంటల్లోనే వేడినీటిలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు కనుక, ఫ్రిజ్‌లో వారం రోజులు వాడిపోయిన కాయకంటే పోషకాల్లో అవి తీసిపోవు. రుచి చెడేది మనం కరిగించి వండడం వల్ల. కరిగిన ముక్క నీరు వదిలి మెత్తబడుతుంది. సంచిలోంచి తీసింది తీసినట్టే వెడల్పాటి మూకుట్లో, పెద్ద మంట మీద, మూత లేకుండా వేయించండి. బెండకాయ ముక్కలైతే నూనె పట్టించి, ట్రేలో ఒకే పొరగా పరచి, ఓవెన్‌లో 425 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 25 నిమిషాలు ఉంచితే, జిగురు లేకుండా అంచులు ఎర్రబడతాయి. ఆ 25 నిమిషాలూ మీరు స్టవ్ దగ్గర నిలబడనక్కరలేదు.

మన రుచి కాయలో ఎంత ఉందో పొడిలో కూడా అంత ఉంది. ఆదివారం నాడు అరకప్పు సెనగపప్పు, అరకప్పు మినప్పప్పు, పావుకప్పు ధనియాలు, పది పన్నెండు ఎండుమిర్చి, చెంచాడు జీలకర్ర విడివిడిగా దోరగా వేయించి, ఉప్పు చేర్చి, కాస్త బరకగా పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి. నెల రోజులు నిలిచే ఈ కూరపొడి గ్రీన్ బీన్స్ మీదా, బ్రకోలీ మీదా, నిలువుగా రెండు చెక్కలుగా కోసి ఓవెన్‌లో కాల్చిన బ్రసెల్స్ స్ప్రౌట్స్ మీదా దించేముందు రెండు చెంచాలు పడితే, అన్నంలోకి వంక పెట్టలేని కూర అవుతుంది.

అక్కడి కాయల్లో జుకినీ మన బీరకాయకు దగ్గరి చుట్టం. పప్పులోకీ పచ్చడికీ తడుముకోకుండా వాడవచ్చు. బటర్‌నట్ స్క్వాష్‌ను గుమ్మడికాయలాగే బెల్లం, చింతపండు వేసి పులుసు పెట్టండి. కేల్ ఆకు ముదురుగా ఉంటుంది కనుక మధ్య ఈనె తీసి, సన్నగా తరిగి, పెసరపప్పుతో ఉడికించండి. వసంతకాలంలో దొరికే రూబార్బ్ ఎర్రకాడలు చుక్కకూరంత పుల్లగా ఉండి పప్పులోకి ఎంతో బాగుంటాయి. అయితే ఆ మొక్క ఆకులు విషపూరితం, కాడలు మాత్రమే తినాలి. ఈ ఒక్క మాట మీ స్నేహితులకు కూడా చెప్పండి.

ప్రశ్న: కాకరకాయ చేదు పూర్తిగా పోయే ఉపాయం చెప్పగలరు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పూర్తిగా పోగొట్టాలనుకోకండి, పోతే అది కాకరకాయ కాదు. పైన గరుకు గీసి, ఉప్పు, పసుపు రాసి అరగంట ఉంచి పిండేస్తే చాలావరకు తగ్గుతుంది. ఇంకా తగ్గాలంటే పుల్లటి మజ్జిగలో ఒక ఉడుకు రానిచ్చి తీయవచ్చు. ఆ తరువాత ఉల్లిపాయ, ఎండుకారం, చింతపండు, బెల్లం నూరిన ముద్ద కూరి సన్నసెగ మీద వేయిస్తే, మిగిలిన చేదు ఆ తీపి పులుపులకు తోడవుతుంది. తొలిసారి తినేవాళ్లకు నిలవ కారం కన్నా ఈ ఉల్లికారమే నయం.

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గరి పల్లె. పెరట్లో తోటకూర, పాలకూర, మెంతికూర, పుంటికూర పెంచుతున్నాం. గట్ల మీద గంగవాయిలి, పొన్నగంటి దొరుకుతాయి. ఎన్ని ఉన్నా పప్పులో వేయడమే తప్ప మరో రకం తెలియదు. మా కోడలికి రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ ఆకుకూరలు ఎక్కువగా తినమన్నారు. ఎట్లా వండాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇంటి చుట్టూ ఆరు రకాల ఆకుకూరలు ఉన్న మీరు నిజంగా అదృష్టవంతులు. ముందు కడగడం గురించి చెబుతాను. ఆకును తరగకముందే మూడు నీళ్లలో జాడించండి. తరిగాక కడిగితే నీటిలో కరిగే విటమిన్లు ఆ నీటితోనే పోతాయి. ఉడికించిన నీళ్లు పారబోయడం కూడా అంతే నష్టం.

తోటకూరను పప్పు లేకుండా, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఎండుమిర్చి, జీలకర్ర దంచిన కారంతో మూత లేకుండా వేయించండి. మూత పెడితే పచ్చదనం చచ్చిపోతుంది. ముదురు కాడలను వేలెడంత ముక్కలుగా కోసి, చింతపండు, కాస్త బెల్లంతో పులుసు పెట్టండి. మెంతికూర పచ్చిచేదు పోయేదాకా నూనెలో వేగాక వంకాయ ముక్కలు చేర్చితే ఒకదానికొకటి అందంగా కుదురుతాయి. గంగవాయిలి దానంతట అదే పులుపు, కొద్దిగా ఉప్పదనం గల ఆకు కనుక, ఉప్పు, చింతపండు సగానికి తగ్గించి, ఉల్లిగడ్డ, టమాటాతో ఇగురు చేయండి. పొన్నగంటి వేపుడులో చివరన వేయించిన పల్లీల పొడి చల్లండి. మీరు చేసుకునే సర్వపిండిలో బియ్యప్పిండికి సమానంగా తరిగిన పాలకూరో మెంతికూరో కలిపి గిన్నెకు ఒత్తితే, సాయంత్రం పూట మీ కోడలికి మంచి పలహారం.

ఆకుకూరలోని ఇనుము శరీరానికి సులభంగా పట్టదు. విటమిన్ సి తోడుంటే బాగా పడుతుంది. అందుచేత కూర దించాక నిమ్మకాయ పిండండి, లేదా భోజనం తరువాత ఒక జామపండు తినమనండి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు ఉంటే గంట, గంటన్నర ఆగమనండి, అది ఇనుమును పట్టనివ్వదు. డాక్టరమ్మ మాత్రలు ఇచ్చి ఉంటే వాటిని మానకూడదు. కూర మాత్రకు తోడు గాని దానికి బదులు కాదు. ఇంట్లో ఎవరికైనా మూత్రపిండాల్లో రాళ్లు వచ్చి ఉంటే పాలకూర, తోటకూర ఎంత తినవచ్చో వైద్యులను అడిగి తెలుసుకోవాలి. పుంటికూరతో నువ్వుల పచ్చడి చేసే పద్ధతిని కొలతలతో వచ్చే సంచికలో రాస్తాను. అప్పటిదాకా లేత ఆకును తుంచుతూ ఉండండి, పక్కన కొత్త చిగుళ్లు వస్తాయి.